దోమతెర కింద మినుప మొక్క

అనకాపల్లి అనగానే మా తెనాలి వైపు వాళ్ళకు బెల్లం గుర్తొస్తుంది. మొన్న ఫిబ్రవరిలో నేను అక్కడికి వెళ్ళింది మాత్రం ఒక మినుప మొక్కను చూడడానికి. ఇంత చిన్నదాని కోసం అంత దూరమా అని మా ఆవిడ అడిగింది. వెళ్ళొచ్చాక ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మా ఊరి చర్చి సంఘంలో నేను పెద్దను. వరి కోశాక ఆ మాగాణిలోనే మినుము పండిస్తాను. వరసగా మూడేళ్ళు నా మినుముకు పల్లాకు తెగులు వచ్చింది. ముందు లేతాకు మీద సూదితో పొడిచినట్టు పసుపు చుక్కలు పడతాయి. తర్వాత ఆకు, ఆ తర్వాత మొక్క, చివరికి గట్టు నుంచి గట్టు దాకా చేనంతా పసుపు నీళ్ళు చల్లినట్టు అయిపోతుంది. కాయ పడదు, పడినా గింజ ఉండదు. కంటికి కనిపించని వైరస్‌ను తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకుపోతుందని అందరికీ తెలుసు. అందుకే ఏటా విత్తనం చల్లిన నాడు నేను గట్టు చుట్టూ తిరిగి, ప్రభువా, ఈ చేనికి నీ కంచె వెయ్యి, దోమను రానివ్వకు అని ప్రార్థన చేసేవాణ్ణి.

జనవరిలో మా వైపు జరిగిన కన్వెన్షన్ సభలకు అనకాపల్లి వైపు పాస్టర్ ఒకాయన వచ్చి, దేవుడు చేసిన మేలు గురించి ఒక సాక్ష్యం చెప్పారు. వారి సంఘంలో సువార్తమ్మ అనే సోదరి మినుప చేను నిరుడు మొత్తం పల్లాకు తెగులుకు పోయిందట. మధ్యలో ఒక్క మొక్క మాత్రం పచ్చగా నిలిచింది. దోమ దాని దరికే రాలేదు. దేవుడు ఆ మొక్క చుట్టూ కంచె వేశాడని ఆమె సంఘంలో లేచి చెప్పింది. ఆ కాయలు రాల్చి, ఒక్క గింజ కూడా ఇంట్లో ఉంచుకోకుండా, కోత పండుగ ఆరాధనలో కానుకల బుట్టలో పోసింది. బుట్టలో అప్పటికే మిగతా విశ్వాసులు పోసిన మినుములున్నాయి. ఆమె గింజలు వాటిలో కలిసిపోయాయి. వాటిని ఏరడం ఎవరి తరం? ఏటా ఆ మినుములు వేలం వేసి షావుకారుకు అమ్మేవారు. ఈసారి అమ్మకుండా బుట్ట మొత్తం చర్చి మడిలో చల్లారు. ఆ మడిలో మళ్ళీ ఒక మొక్క పచ్చగా పెరుగుతోందని ఆయన చెప్పగానే సభ అంతా స్తోత్రాలు చెప్పింది. నేనూ చెప్పాను.

మా జిల్లాలో పప్పు పంటల పరిశోధన చేసే ఒక మేడమ్‌కు నేను విత్తనం పండించి ఇస్తుంటాను. ఆమె పూజలు చేసుకునే మనిషి, నా విశ్వాసం ఆమెకు లేదు. ఈ కథ చెబితే నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. దోమ రాకపోవడం వల్ల పచ్చగా ఉన్న మొక్క అయితే, అది తప్పించుకున్న మొక్క మాత్రమేనని చెప్పింది. దాని పిల్లలకు ఆ అదృష్టం రాదు. దోమ వచ్చి, కుట్టి, వైరస్‌ను లోపలికి ఎక్కించినా పచ్చగానే ఉన్న మొక్క అయితే ఆ బలం గింజలోనే ఉన్నట్టు. మినుప పువ్వు విచ్చుకోకముందే తన పుప్పొడితో తానే ఫలదీకరణం చేసుకుంటుంది కాబట్టి పిల్ల దాదాపు తల్లిలాగే ఉంటుంది. తల్లికున్న బలం పిల్లకు వస్తుంది.

"ఆకు తిప్పి చూడండి. కింద దోమ ఉందో లేదో చూశాక నాకు ఫోన్ చెయ్యండి," అంది.

నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం కష్టంగా తోచింది. నేను దేవుని కంచెను చూడబోతుంటే ఈమె దోమను చూసి రమ్మంటోంది.

అనకాపల్లి, బెల్లం దిమ్మల మధ్య

పొద్దున రైలు దిగేసరికి గాలిలోనే తీపి తెలిసింది. మా గుంటూరు మిర్చి యార్డు పక్కగా పోతే తుమ్ములు ఆగవు. ఇక్కడ బెల్లం మార్కెట్ పక్కగా పోతుంటే చొక్కా మీద తేనెటీగలు వాలాయి. గోతాల మీద దిమ్మలు వరసలుగా పేర్చి ఉన్నాయి. కొనేవాళ్ళు వంగి బొటనవేలితో నొక్కి, గోటితో గీకి, నాలుక మీద వేసుకుని రంగు గురించి వాదులాడుకుంటున్నారు. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ మా ఊరికన్నా చవక. ఆకారంలోనూ చిన్నది కాబట్టి లెక్క సరిపోయింది. చట్నీలో బెల్లం ముక్క వేస్తారు. మొదటి ముద్దకు మొహం చిట్లించాను గాని రెండో ప్లేటు నేనే అడిగాను.

పాస్టర్ గారు ముందు షావుకారు గారి కొట్టుకు వెళ్ళమన్నారు. అక్కడికొస్తే ఊరికి వెళ్ళే బస్సు ఎక్కిస్తారట. షావుకారు గారికి నుదుట గంధం బొట్టు, చెవి వెనక పెన్సిలు, మెడలో తువ్వాలు. చుట్టూ పప్పుల బస్తాలు. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు.

"మీ చర్చి మినుములు ఏటా నా కొట్టుకే వచ్చీవండీ. కోత పండగ వేలం పాటకి మీవాళ్ళకన్నా ముందు నేనే వెళ్ళి కూర్చునీవాణ్ణి. ఈ ఏడు గుప్పెడు గింజల కోసం బుట్టెడు మట్టిలో పోసేరు. ఎంత పాట పాడినా ఇవ్వలేదు."

అంతా పసుపెక్కిపోతే ఏమంటారని నేను అడిగాను.

"వచ్చే ఏడు పాట మొదలెట్టీది నేనే. మీరు సిగ్గుపడీటంత తక్కువకి మొదలెడతాను," అన్నాడు.

నవ్వు తగ్గాక ఆయన గొంతు మారింది. చుట్టుపక్కల మినుము వేసేవాళ్ళు తగ్గిపోయారట. పదేళ్ళ కిందట బుచ్చయ్యపేట నుంచి, కె. కోటపాడు నుంచి బళ్ళ మీద వచ్చే సరుకు ఇప్పుడు పై రాష్ట్రాల నుంచి లారీల్లో వస్తోంది. మినపగుళ్ళు కిలోకు మా తెనాలికన్నా మూడు రూపాయలు ఎక్కువ. ఆ పసుపు ఆగితే మీ దేవుడికి నేనూ ఒక దణ్ణం పెడతానన్నాడు. చర్చికి ఇమ్మని ఒక బెల్లం దిమ్మ కాగితంలో చుట్టి ఇచ్చాడు. దాన్ని సంచిలో వాక్యపుస్తకం పక్కనే పెట్టుకున్నాను. ఎంత పొరపాటు చేశానో ఆదివారం తెలిసింది.

బుచ్చయ్యపేట దాటాక

ఊరి పేరు రాయవద్దని సువార్తమ్మ కోరింది. బుచ్చయ్యపేట దాటి కొంత దూరం వెళ్ళాక వస్తుందని మాత్రం చెబుతాను. కండక్టరు ఒక స్టాపు ముందే దించేశాడు. తెల్ల చొక్కా, చేతిలో సంచి చూసి దారిలో కలిసిన ఒకాయన నన్ను ఇన్సూరెన్స్ ఏజెంటు అనుకుని తన పాలసీ గురించి చాలా దూరం చెప్పుకుంటూ వచ్చాడు. కాదని చెప్పాక కూడా ఆపలేదు. చెరకు తోటల పక్కన బెల్లం వండే పాక ఉంది. అక్కడివాళ్ళు పిలిచి చెరకు రసం ఇచ్చారు. డబ్బు తీయబోతే పొయ్యిలో పిప్పి ఎగదోస్తున్న పెద్దాయన కోప్పడ్డాడు. మా వైపు మంచినీళ్ళ ప్యాకెట్టుకూ రూపాయి పెట్టాలి.

సువార్తమ్మది నలభై దాటిన వయసు. సన్నగా, గట్టిగా ఉంటుంది. వందనాలు చెప్పి, అన్నయ్యగారూ అంటూ చోడి అంబలి పోసింది. చోళ్ళంటే మేము రాగులనేవే. పక్కన ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్ళు పెట్టింది. మా ఊళ్ళో ఇప్పుడు రాగి జావ డాక్టర్ చెబితేనే తాగుతారు. అక్కడ నేను గిన్నె అడుగు దాకా తాగాను.

భర్త ప్రకాశం మాటల మనిషి. భార్య నన్ను అన్నయ్యా అన్నది కాబట్టి నేను ఆయనకు బావనయ్యాను.

"బావా, నిన్ను అంత దూరం నుంచి రప్పించింది గాని, ఆ మొక్కని ఈవిడ నాకే సరిగ్గా సూపించదు," అన్నాడు.

సంగతి ఆయన మాటల్లోనే మెల్లగా తెలిసింది. వాళ్ళకున్నది ఎకరం లోపు సొంత నేల. తెగులు దెబ్బకు విసిగిపోయి దాంట్లో సరుగుడు మొక్కలు నాటేద్దామని ఆయన నిరుడే నిర్ణయించుకున్నాడు. సరుగుడు వేస్తే కొన్నేళ్ళ దాకా ఆ నేలలో పప్పు గింజ అనేదే ఉండదు. దేవుడు ఒక్క మొక్కను నిలబెట్టాడు, దాని పిల్లలు ఎలా ఉంటాయో చూసేదాకా ఒక్క ఏడు ఆగు అని సువార్తమ్మ బతిమాలింది. ఆయన ఆగాడు. ఆ ఏడు ఇప్పుడు అయిపోవస్తోంది. చర్చి మడిలో ఆ మొక్క నిలబడితే మినుము, లేకపోతే సరుగుడు. నారు కూడా చెప్పి ఉంచాడు.

ఆయన ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె గిన్నెలు కడుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు.

తెర

మధ్యాహ్నం ఎండ తగ్గాక పాస్టర్ గారు వచ్చారు. నలుగురం చర్చి మడికి వెళ్ళాం. చర్చి వెనకే అది, రెండు ఇళ్ళ స్థలమంత ఉంటుంది.

నేను మూడేళ్ళు నా చేలో చూసిన పసుపు ఇక్కడా ఉంది. కాని ఇంత దగ్గరగా, ఇంత దట్టంగా నేనెక్కడా చూడలేదు. ఆకులన్నీ ఎండకు మెరుస్తున్నాయి. తెలియనివాళ్ళు చూస్తే పూల తోట అనుకుంటారు. గట్టు పక్కన నాలుగు పుల్లలు పాతి, వాటి మీద పాత దోమతెర కప్పి ఉంది. చిరుగుల దగ్గర నీలం దారంతో కుట్లు వేసి ఉన్నాయి. పసిబిడ్డ ఉయ్యాలకు కట్టినట్టు అంచులు మట్టిలోకి దోపి, మీద రాళ్ళు పెట్టారు. దారిన పోయేవాళ్ళు ఆ తెర దగ్గర ఆగి చూసి పోతారట. ఆ మొక్క తన మొక్క పిల్లేనని సువార్తమ్మ నమ్మింది. మొలకల్లో అన్నిటికన్నా బలంగా ఉన్నది అదేనట.

నేను తెర దగ్గర వంగబోతే ఆమె అడ్డం వచ్చింది.

"రేపు సూద్దురుగాని అన్నయ్యగారూ. ఎండ తగల్తాది దానికి."

"మినుముకి ఎండకేటవుద్దే? ఎండలోనే కదేటి మొలిసింది," అన్నాడు ప్రకాశం.

ఆమె వంగి తెర అంచు మీది రాయి సరిచేసింది. అప్పటికే నా చూపు తెర మీద పడింది. దాని మీద తెల్లని చుక్కలు కదులుతున్నాయి. కొన్ని బయట, కొన్ని లోపల. మనుషుల్ని కుట్టే దోమను ఆపడానికి నేసిన తెర అది. ఈ తెల్లదోమ ఆవగింజలో సగం కూడా ఉండదు. ఆ కన్నాలు దానికి వీధి గుమ్మాలు. ఆ తెర తెల్లదోమను ఆపడం లేదని నాకు అర్థమైంది.

పాస్టర్ గారు చెప్పులు విడిచి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రభువా, ఈ తెగులు నడుమ నీ బిడ్డ మొక్కకు కంచెగా ఉన్నావు, దోమను దరికి రానివ్వలేదు, నీకు స్తోత్రం అంటున్నారు. మేము కళ్ళు మూసుకుని ఉన్నాం.

"అయ్యగారూ, ఆపండి," అంది సువార్తమ్మ.

కళ్ళు తెరిచేసరికి ఆమె రాళ్ళు తీసి తెర ఎత్తి పట్టుకుని ఉంది. లోపలి మొక్క బలంగానే ఉంది, పొట్టిగా, గుబురుగా. దాని కొస ఆకులు రెండూ పసుపు. కింది ఆకుల మీద చుక్కలు.

"వారం అయిపోనాది. ఎవుళికీ సెప్పలేదు నేను. మీరు సభలో సెప్పేరని తెలిసేక మరీ సెప్పలేకపోయేను."

పాస్టర్ గారు నేల వైపు చూస్తూ నిలబడిపోయారు. వందలమంది ముందు ఆయన చెప్పిన సాక్ష్యం అది. ఆయనకు నేను ఏం చెప్పగలను? స్తోత్రం చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా. ప్రకాశం ఏదో ఒక దెప్పుడు మాట అంటాడనుకున్నాను. ఆయన భార్య చేతిలోంచి తెర అందుకుని మడత పెట్టాడు.

"వారం బట్టి ఒక్కద్దానివే మోసేవేటే," అన్నాడు.

ఆమె అప్పుడు ఏడ్చింది.

చేను మధ్యలోకి

ఏం చేయాలో తోచక, మేడమ్ చెప్పిన పనైనా చేద్దామని లేచాను. నిరుటి మొక్క కాయ ఎలా ఉండేదని సువార్తమ్మను అడిగాను. వాళ్ళ ఊరి మినుము కాయకు నూగు ఉంటుందని, పట్టుకుంటే గరుకుగా తగులుతుందని, ఆ మొక్క కాయ మాత్రం నున్నగా ఉండేదని చెప్పింది. పంచె ఎగగట్టి చేలోకి దిగాను. మడి మధ్యలోకి ఎవరూ అడుగు పెట్టినట్టు లేదు. అందరి చూపూ తెర మీదే ఉన్నప్పుడు మిగతా మడితో ఎవరికి పని?

పసుపులో పడి తెలియలేదు గాని, లోపలికి వెళ్ళేకొద్దీ అక్కడొకటి ఇక్కడొకటి పచ్చగా కనిపించాయి. పక్క మొక్కల పసుపు తీగల కింద సగం దాగి ఉన్నాయి.

"అయి లెక్కలోవి కావు బావా," గట్టు మీంచి కేకేశాడు ప్రకాశం. "అయింకా పండలేదు, అంతే. రేపో ఎల్లుండో అయీ పండిపోతాయి."

ఆకు పసుపెక్కడాన్ని అక్కడ పండడం అంటారు. ఊళ్ళో అందరూ అలాగే అనుకున్నారట. మంటలో ఇంకా అంటుకోని పుల్లలని. నేను ఒక మొక్క దగ్గర కూర్చున్నాను. కాయలు నిండుగా ఉన్నాయి, అడుగున కొన్ని నల్లబడుతున్నాయి కూడా. మొలిచిన నాటి నుంచి పసుపు మధ్యలోనే పెరిగి, కాయ ముదిరేదాకా ఒక్క చుక్క పడలేదంటే అది ఇక ఎప్పుడు పండుతుంది?

ఆకును వేలితో తిప్పాను.

కింద దోమలు. ఒకటి రెండు కాదు, పిండి చల్లినట్టు ఉన్నాయి. నా ఊపిరి తగలగానే గుప్పున లేచి, నా కనుబొమల మీదుగా తిరిగి, మళ్ళీ అదే ఆకు మీద వాలాయి. ఇంకో ఆకు తిప్పాను. అక్కడా దోమలే. మొక్కకు మొదలు నుంచి కొస దాకా దోమలు. ఆకు మాత్రం లేత పచ్చగా, నున్నగా, మచ్చ లేకుండా ఉంది.

సువార్తమ్మను పిలిచాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ఆకు వైపు చూడకుండా ముందు కాయను పట్టుకుంది. బొటనవేలితో మెల్లగా నిమిరింది. పక్కనే ఉన్న పసుపు మొక్క కాయను పట్టుకుని చూసింది. మళ్ళీ దీన్ని పట్టుకుంది.

"ఇదే," అంది. "నూగు లేదు అన్నయ్యా. ఇదే కాయ."

ఆ తర్వాత నేను వెతకలేదు, ఆమే వెతికింది. పచ్చగా ఉన్న ప్రతి మొక్క దగ్గరా వంగి కాయను నిమిరింది. ప్రతి కాయా నున్ననిదే. చేను అంతటా చెదిరి ఉన్నాయవి, రెండు చేతుల వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. బుట్టలో కలిసిపోయి ఇక దొరకవనుకున్న గింజలను తెగులే ఏరి ఆమె చేతిలో పెట్టింది. బలంగా కనిపించిందని ఆమె ఎంచుకుని తెర కప్పింది బుట్టలో ఇంకెవరో పోసిన గింజకు. తన గింజ తెర లేకుండా, దోమల నడుమ, ఎవరి కంటా పడకుండా పెరిగింది.

నేను ఆ మట్టిలోనే మోకాళ్ళూనాను. బైబిల్లో అగ్నిగుండంలో వేయబడి, కాలకుండా బయటికొచ్చిన ముగ్గురు యువకుల గురించి నేను ఎన్ని ఆదివారాలు చెప్పి ఉంటానో. చెప్పిన ప్రతిసారీ, మంట వాళ్ళ దగ్గరికి రాలేదన్నట్టే చెప్పాను. వాక్యంలో అలా లేదు. వాళ్ళు మంట లోపలే నడిచారు. ఏడంతలు మండించిన గుండమే అది. మూడేళ్ళు నేను గట్టు చుట్టూ తిరిగి కంచె అడిగాను. దేవుడు కంచె వేయలేదు, నన్ను మరిచిపోయాడేమో అనుకున్నాను. ఆయన అప్పటికే ఏనాడో, ఏ గింజలోనో, కంటికి కనపడనంత చిన్న చోట తన జవాబు రాసిపెట్టాడు. తల్లి దాన్ని పిల్లకు, పిల్ల తన పిల్లకు చదువు రాకుండానే అప్పజెప్పుకుంటూ వస్తున్నాయి. మేడమ్ దాన్ని జన్యువు అంటుంది. ఆ పేరు నాకు అభ్యంతరం కాదు. ఎవరు రాశారో నాకు తెలుసు.

గట్టెక్కితే గాని ఫోన్‌కు సిగ్నల్ అందలేదు. మేడమ్ మొదటి మాటే, దోమ ఉందా అని. ఉందన్నాను. ఇంకోసారి చూసి చెప్పమంది. వెళ్ళి చూసి వచ్చి ఉందని చెప్పాను. తర్వాత తొందరపడొద్దని హెచ్చరించింది. ఒక్కో మొక్క గింజలు వేరువేరుగా తీయాలి. వచ్చే పంటలో ఒక్కోదాన్ని ఒక్కో వరసగా వేసి, వరసకు అటూ ఇటూ తెగులు తొందరగా పట్టే రకం వేయాలి. పిల్లలన్నీ ఆ మంట మధ్య తల్లిలాగే నిలిస్తేనే నమ్మాలి. నిలిచినా గర్వపడకూడదు, వైరస్ కూడా మారుతుంటుంది, ఈ బలాన్ని దాటే రోజు రావచ్చు అంది.

పాస్టర్ గారు ఇదంతా విని దిగులుగా అడిగారు, చుట్టూ తెగులును కావాలని నాటడం దేవుణ్ణి శోధించడం, అంటే ఆయనకే పరీక్ష పెట్టడం కాదా అని. నాకూ ఆ ప్రశ్న ఉంది. మనం శోధించేది దేవుణ్ణి కాదు, మన మాటను అన్నాను. ఆయన తల ఊపారు. నాకే అది పూర్తిగా జీర్ణమైందో లేదో ఇంకా చెప్పలేను.

ఆదివారం

రేకుల కప్పు, చాపలు, ఒక డప్పు, ఒక తబలా. మా చర్చిలో కవర్లలో కానుకలు వేస్తాం. ఇక్కడ ఆడవాళ్ళు కొంగున ముడేసి తెచ్చిన పిడికెడు బియ్యం బుట్టలో పోస్తారు. నన్ను వాక్యం చదవమన్నారు. గౌరవంగా లేచి పుస్తకం తెరిస్తే అందులోంచి చీమలు బయలుదేరాయి. షావుకారు గారి బెల్లం మహిమ. చీమలు నా మోచేతి దాకా ఎక్కుతుంటే ఒక అధ్యాయం మొత్తం చదివాను. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

సాక్ష్యాల సమయం వచ్చింది. సువార్తమ్మ లేచింది. నిన్నటిదాకా పాస్టర్ గారు, తానే విడమరిచి చెబుతానని ఆమెతో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ప్రకాశం ఎప్పటిలాగే గుమ్మం బయట, లోపలికి రాకుండా నిలబడి ఉన్నాడు.

"పోయినేడు ఇక్కడే నిలబడి దోమ నా మొక్క దరికి రాలేదని సెప్పేను," అంది. "నేను సూడకుండా సెప్పేను. మొన్న ఆకు తిప్పి సూసేం. దోమ వచ్చింది. ఆకు నిండా ఉన్నాది. మొక్క పచ్చగానే ఉన్నాది. తెర కప్పిందేమో పండిపోనాది. నాకు తెలిసింది ఇంతే."

కూర్చుంది. స్తోత్రం చెప్పాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చివరికి వెనకనుంచి ఒక ముసలామె అడిగింది.

"కాయ కాసిందేటే?"

"కాసింది పిన్నీ."

"అయితే స్తోత్రమే కదే మరి," అంది ముసలామె. డప్పు మోగింది.

పాట మధ్యలో గుమ్మం వైపు చూశాను. ప్రకాశం చెప్పులు విడుస్తున్నాడు.

తిరుగు దారి

సోమవారం పొద్దున ఒక్క మొక్కకు ముదిరిన కాయలన్నీ కోసి నాకిచ్చారు. అవి కానుకలు కాబట్టి ఇవ్వవచ్చా అని పాస్టర్ గారు సంఘాన్ని అడిగారు. దేవుడి మడి నుంచి దేవుడి మడికే పోతున్నాయి కదా అన్నారట. సువార్తమ్మ దోమతెరలోంచి ఒక ముక్క చింపి వాటిని మూట కట్టింది. ఇప్పటికైనా దీనికి సరైన పని దొరికింది అన్నయ్యా అని నవ్వింది. ప్రకాశం బస్సు దాకా వచ్చాడు. సరుగుడు నారు సంగతి నేను అడగలేదు. బస్సు కదిలేటప్పుడు ఆయనే చెప్పాడు.

"నారు వద్దని కబురెట్టేను బావా. మీ మేడమ్ సెప్పినట్టు వరసలు ఎలా ఎయ్యాలో కాగితం మీద రాయించి పంపు."

అనకాపల్లిలో షావుకారు గారికి మూట విప్పి చూపించాను. ఒక కాయ పట్టుకుని నిమిరి, నున్నగా ఉందన్నాడు. పప్పు బద్దలు చేయడానికి కాదని చెబితే, తెలుసులెండి, నా కొట్టుకి రావడానికి ఇంకా నాలుగైదేళ్ళు పడుతుంది, అప్పటిదాకా నన్ను బతికుండమని మీ దేవుడితో చెప్పండి అన్నాడు. కొట్టు మెట్ల మీద నిలబడి, తూర్పుకో పడమరకో తెలియదు గాని, చెప్పిన దణ్ణం పెట్టేశాడు.

ఇంటికి వచ్చాక సగం కాయలు మేడమ్‌కు ఇచ్చాను. మిగతా సగం గింజలు రాల్చి మా బోరు కింద ఉన్న చిన్న మడిలో ఎండాకాలపు పంటగా వేశాను. ఈ కాలంలోనే తెల్లదోమ ఎక్కువ. మధ్యలో సువార్తమ్మ గింజ, అటు ఒక వరస ఇటు ఒక వరస తెగులు పట్టే రకం. తెగులును నా చేత్తో నేనే నాటుకోవడం ఇదే మొదటిసారి. విత్తిన రోజు అలవాటుగా గట్టు మీద తిరగడానికి కాలు లేచింది గాని ఆగిపోయాను. ఏమని అడగాలో తెలియలేదు. కూర్చుని స్తోత్రం మాత్రం చెప్పాను.

ఇప్పుడు మొలకలు నాలుగాకులు వేశాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో ఆకునూ మెల్లగా తిప్పి, మొదటి దోమ కోసం చూస్తున్నాను.